యంత్రాలు పోయాయి, భాషలు నిలిచాయి

1957 మే 17న అమెరికాలోని న్యూజెర్సీలో, బెల్ టెలిఫోన్ లేబొరేటరీస్‌లో 17 సెకన్ల సంగీత రచన ఒకటి వినిపించింది. దాని పేరు ‘ద సిల్వర్ స్కేల్’. కూర్చినవాడు న్యూమన్ గట్‌మన్ అనే పరిశోధకుడు. పలికించింది మాక్స్ మాథ్యూస్ అనే ఇంజినీరు రాసిన మ్యూజిక్-1 అనే ప్రోగ్రాము. కంప్యూటరు పాట వినిపించడం అదే మొదలు కాదు. 1951లోనే ఆస్ట్రేలియాలో సిరాక్, ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఫెరాంటి మార్క్-1 తెలిసిన బాణీలు కొన్ని వినిపించాయి. అయితే అవి స్పీకరుకు విద్యుత్ తాకిళ్లు పంపి బాణీ రప్పించిన ప్రయత్నాలు. మాథ్యూస్ ధ్వని తరంగాన్నే సంఖ్యలుగా లెక్కగట్టి, ఆ సంఖ్యలను తరవాత శబ్దంగా మార్చాడు. ఈ పద్ధతిలో పుట్టించలేని శబ్దమంటూ ఉండదు, లెక్క వేసే ఓపిక ఉంటే చాలు. ఆ ఓపికను తగ్గించడానికే గత అరవై, డెబ్బై ఏళ్లలో ఎన్నో ప్రోగ్రామింగ్ భాషలు పుట్టాయి. వాటి చరిత్రను సాధారణంగా యంత్రాలు వేగం పుంజుకున్న కథగా చెబుతారు. నాకది సరైన కథగా తోచదు. ఈ రంగంలో నిలిచిన వేగం యంత్రం ఇచ్చింది కాదు. ఏ లెక్కను ఎంత తరచుగా వేయాలి, దేన్ని ముందే వేసి పెట్టుకోవాలి, దేన్ని సంగీతకారుడి చేతికి వదలాలి అని పనిని పంచిన తీరులోంచి వచ్చింది. వేగాన్ని ప్రత్యేక యంత్రాలతో కొనుక్కున్న చోట ఆ యంత్రంతో పాటే సంగీతం కూడా మూలపడే ప్రమాదం వచ్చింది.

మొదటి రోజుల ఇబ్బంది ఎంతటిదో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. మాథ్యూస్ వాడిన ఐబీఎం 704 వాక్యూమ్ ట్యూబుల యంత్రం. అది ఆయన పనిచేసే చోట లేదు. న్యూయార్క్ మాడిసన్ అవెన్యూలోని ఐబీఎం కార్యాలయంలో ఉండేది. గంటల చొప్పున అద్దె కట్టి లెక్కలు నడిపి, వచ్చిన సంఖ్యలను అయస్కాంత టేపు మీద ఎక్కించుకుని న్యూజెర్సీకి తిరిగి వెళ్లి, అక్కడి కన్వర్టరులో పెట్టి వినాలి. 704 సెకనుకు సుమారు 40,000 సాధారణ ఆదేశాలు నడపగలదు. ఒక సెకను శబ్దానికి 10,000 సంఖ్యలు చాలనుకుందాం. అలా సరిపెట్టుకుంటే 5,000 హెర్ట్జ్‌కు పైనున్న పౌనఃపున్యాలన్నీ పోతాయి, తాళం చప్పుడులోని మెరుపు పోతుంది. అయినా సరే, శబ్దం సాగినంత సేపట్లోనే లెక్క ముగియాలంటే ఒక్కో సంఖ్యకు దక్కేది నాలుగు ఆదేశాలు. నాలుగు ఆదేశాల్లో ఒక స్వరం శ్రుతినీ బిగ్గరతనాన్నీ కూడా చూసుకోలేం. కనుక అప్పటికప్పుడు వినడం అన్న ఆశే లేదు. పొదుపు చేసిన ప్రతి గుణకారం అద్దె డబ్బులోనూ స్వరకర్త ఎదురుచూపులోనూ మిగిలేది.

పొదుపులో తొలి మెట్టు పట్టిక. సైన్ తరంగం విలువను ప్రతిసారీ సూత్రంతో కట్టాలంటే ఎన్నో గుణకారాలు పడతాయి. తరంగంలో ఒక ఆవృత్తిని ఒక్కసారి లెక్కవేసి, మ్యూజిక్-5లో చేసినట్టు 512 విలువల పట్టికగా దాచుకుంటే ఆ తరవాత ప్రతి సంఖ్యకూ ఒక కూడిక, పట్టికలోంచి ఒక విలువ తీసుకోవడం సరిపోతుంది. పట్టికలో పెద్ద అంగలతో నడిస్తే శ్రుతి పెరుగుతుంది, చిన్న అంగలతో నడిస్తే తగ్గుతుంది. రెండో మెట్టు ఇంకా పెద్దది. 1960లో వచ్చిన మ్యూజిక్-3లో మాథ్యూస్ యూనిట్ జనరేటర్లు అనే ఏర్పాటు తెచ్చాడు. ఆసిలేటరు ఒక యూనిట్, రెండు సంకేతాలను కలిపేది ఒకటి, హెచ్చవేసేది ఒకటి, రొద పుట్టించేది మరొకటి. సంగీతకారుడు వీటిని తనకు తోచినట్టు కలిపి వాద్యాన్ని నిర్మిస్తాడు. ఆ వాద్యం ఏ క్షణాన ఏ స్వరం ఎంతసేపు పలకాలో స్వరపత్రంగా విడిగా రాస్తాడు. దీన్ని సంగీతకారుల సౌకర్యంగానే చాలామంది వర్ణించారు. నా దృష్టిలో ఇది ముందుగా వేగానికి సంబంధించిన నిర్ణయం. ప్రోగ్రాము సమయమంతా యూనిట్ లోపలి చిన్న లూపుల్లోనే ఖర్చవుతుంది. ఆ లూపులను యంత్రం మర్మం ఎరిగిన వాళ్లు ఒక్కసారి చెక్కి పెడతారు. సంగీతకారుడు రాసేది యూనిట్ల మధ్య అతుకులను. అతుకుల దగ్గర కాస్త నెమ్మదించినా మొత్తం మీద తేడా తెలియదు. ప్రతి సంఖ్యకూ ఏ సూత్రమైనా రాసుకోమని వదిలేస్తే భాష నెమ్మదించి చచ్చిపోయేది. నాలుగు రకాల స్వరాలే ఇస్తే వేగంగా నడిచినా ఎవరికీ పనికిరాకుండా పోయేది. ఈ రెంటి నడుమ గీత ఎక్కడ గీయాలో మాథ్యూస్ మూడో ప్రయత్నానికే కనిపెట్టాడు. కంప్యూటర్ భాషల చరిత్రలో ఇంతటి ముందుచూపు ఉన్న నిర్ణయాలు తక్కువని నా నమ్మకం.

తరవాతి పాఠం కఠినంగా వచ్చింది. మాథ్యూస్, జోన్ మిల్లర్ కలిసి తెచ్చిన మ్యూజిక్-4 ఐబీఎం 7094 యంత్రపు అసెంబ్లీ భాషలో ఉండేది. అంతకు మించిన వేగం ఆ యంత్రం మీద సాధ్యం కాదు. బెల్ ల్యాబ్స్ ఆ యంత్రాన్ని మార్చుకోగానే ప్రోగ్రాముకు నిలువ నీడ లేకపోయింది. అందుకే 1960ల చివర మ్యూజిక్-5ను ఆయన ఫోర్ట్రాన్‌లో రాశాడు. ఫోర్ట్రాన్ ఏ యంత్రం మీదైనా దొరుకుతుంది, కాని అసెంబ్లీ కంటే నెమ్మది. ఆ లోటును తీర్చింది మళ్లీ పనిని పంచిన తీరే. ఒక్కో సంఖ్యకూ ప్రతి యూనిట్‌నూ పిలవడం మాని, ఒక్క పిలుపులో వరసగా కొన్ని వందల సంఖ్యలు కట్టించుకుని తరవాతి యూనిట్‌కు అందించడం మొదలుపెట్టారు. చెంబెడు నీళ్ల కోసం ప్రతిసారీ బావిదాకా నడవకుండా బిందె పట్టుకెళ్లడం లాంటిది ఇది. నడక ఖర్చు బిందెడు నీళ్ల మీద పరుచుకుంటుంది. ఈ గుత్తుల పద్ధతి ఈనాటి ధ్వని సాఫ్ట్‌వేరులో దాదాపు అంతటా కనిపిస్తుంది. ఫ్రెంచి స్వరకర్త, భౌతికశాస్త్రవేత్త జాన్ క్లోడ్ రిస్సే 1969లో బెల్ ల్యాబ్స్‌లో తాను సంశ్లేషించిన శబ్దాల జాబితాను మ్యూజిక్-5 పాఠాలతో సహా ప్రచురించాడు. శబ్దాన్ని ఎలా చేయాలో రాతలో ఉంది కాబట్టి ఆ శబ్దాలను తరవాతి తరాలు సిసౌండ్ వంటి వేరే భాషల్లో మళ్లీ పలికించగలిగాయి.

పని విభజనలో మూడో మెట్టును చాలామంది చిన్న సాంకేతిక వివరంగా దాటేస్తారు. నాకది అన్నిటికంటే అందమైన ఆలోచన. చెవికి అందే తరంగం సెకనుకు వేలసార్లు మారాలి. ఆ తరంగాన్ని నడిపించే విషయాలు, అంటే శ్రుతి జారడం, బిగ్గరతనం తగ్గడం, కంపనం, అంత వేగంగా మారవు. చేతివేళ్లూ గొంతూ కదిలే వేగంతో మారతాయి. మాథ్యూస్, రిచర్డ్ మూర్ కలిసి 1970 ప్రాంతంలో నడిపిన గ్రూవ్ వ్యవస్థ ఈ తేడా మీదే నిలబడింది. శబ్దాన్ని అనలాగ్ సింథసైజర్ పుట్టిస్తుంది. కంప్యూటరు కేవలం నడిపించే విలువలను సెకనుకు వందసార్ల స్థాయిలో అందిస్తూ, దాచుకుంటూ ఉంటుంది. న్యూజిలాండ్ నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడిన బ్యారీ వెర్కో 1970ల్లో ఎంఐటీలో రాసిన మ్యూజిక్-11లో దీన్ని పూర్తిగా డిజిటల్ భాషలోకి తెచ్చాడు. 1986లో సీ భాషలో వచ్చిన ఆయన సిసౌండ్‌లో చలరాశి పేరులోని మొదటి అక్షరమే దాని వేగాన్ని చెబుతుంది: స్వరం మొదలైనప్పుడు ఒక్కసారే కట్టేవి కొన్ని, నడిపించే వేగంతో కట్టేవి కొన్ని, శబ్ద వేగంతో కట్టేవి మిగిలినవి. చాలాకాలం సిసౌండ్‌లో అలవాటుగా ఉన్న అమరిక ప్రకారం శబ్దం సెకనుకు 44,100 సార్లు, నియంత్రణ 4,410 సార్లు. నియంత్రణ లెక్కలో పదింట తొమ్మిది వంతుల పని ఈ ఒక్క అమరికతో ఆదా అవుతుంది. కర్ణాటక సంగీతం ఎరిగినవారికి దీని విలువ వెంటనే తెలుస్తుంది. స్వరమంటే ఒకచోట మొదలై అక్కడే నిలిచి ఆగిపోయే శబ్దమని నమ్మే స్వరపత్రంలో తోడి గాంధారానికి చోటు లేదు. అది నిలవదు, ఊగుతుంది. ఆ ఊపును గీతగా రాసి నియంత్రణ వేగంతో శ్రుతికి తగిలిస్తే లెక్క భారం దాదాపు పెరగదు. పాశ్చాత్య స్వరలిపి అలవాటులో పుట్టిన భాష తనకు తెలియకుండానే మన గమకానికి తలుపు తెరిచి ఉంచింది.

పనిని యూనిట్లుగా విభజించడం కొత్త శబ్దాలను కనిపెట్టే దారి కూడా చూపించింది. 1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ ఒక ఆసిలేటరు శ్రుతిని మరో ఆసిలేటరుతో ఊపుతూ, ఆ కంపన వేగాన్నీ లోతునూ హద్దు దాటించి చూశాడు. ఒక దశలో చెవికి ఊపు వినపడటం మాని కొత్త నాదం వినిపించింది. గంటలు, ఇత్తడి వాద్యాలు, చెక్క చప్పుళ్లు, అన్నీ రెండే ఆసిలేటర్లతో వచ్చాయి. అంతకు ముందు ఇలాంటి నాదానికి పది ఇరవై సైన్ తరంగాలు విడివిడిగా కట్టి కలపాల్సి వచ్చేది. 1973లో ఆయన దీన్ని ప్రచురించాడు, 1977లో పేటెంటు వచ్చింది, యమహా సంస్థ లైసెన్సు తీసుకుని 1983లో డీఎక్స్7 కీబోర్డు తెచ్చింది. అది లక్షకు పైగా అమ్ముడైంది. ఆసిలేటరు శ్రుతి దగ్గర సంఖ్య పెట్టినా మరో యూనిట్ వచ్చిన దారి పెట్టినా ఒప్పుకునే భాష కాబట్టి ఆ ప్రయోగం కొన్ని మార్పులతో జరిగిపోయింది. శ్రుతి అంటే స్థిర సంఖ్యే అని పట్టుబట్టే భాషలో ఆ ప్రశ్న అడగడానికే వీలుండదు.

ఇప్పుడు వేగాన్ని ఇనుములో పోసిన వారి సంగతి. 1977లో స్టాన్‌ఫర్డ్‌కు పీటర్ శామ్సన్ రూపొందించిన ప్రత్యేక సింథసైజర్ వచ్చింది; అందరూ శామ్సన్ బాక్స్ అనేవారు. 256 జనరేటర్లు ఒకేసారి నడిపేది. పదేళ్లకు పైగా ఎన్నో మంచి రచనలు దాని మీద వచ్చాయి. కాని అందులో కొత్త రకం యూనిట్ కలపడం సాధ్యం కాదు. పెట్టెలో ఉన్నదే వాడాలి. అక్కడే పనిచేసిన జూలియస్ స్మిత్ తరవాత ఇదే సంగతి రాశాడు: ఆ పెట్టె వల్ల కొత్త సంశ్లేషణ పద్ధతుల వైపు చూపు తగ్గింది. పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో జుసెప్పె డి జున్యో నిర్మించిన 4ఎక్స్ యంత్రం కథా అలాంటిదే. పియర్ బూలెజ్ రచన ‘రెపాన్’లో వాద్యకారులు వాయిస్తుండగానే వారి శబ్దాన్ని మార్చి హాలు చుట్టూ తిప్పింది అదే. 4ఎక్స్ లేకుంటే 1980ల్లో ఆ రచన వినగలిగేవాళ్లమా అంటే, లేదు. అప్పటి సాధారణ యంత్రాలకు ఆ శక్తి లేదన్న మాటను ఒప్పుకోవాలి. నేను అడిగేది తరవాతి ప్రశ్న: అందులో ఏది మిగిలింది? 4ఎక్స్‌ను నడిపించడానికి మిల్లర్ పకెట్ మాకింతోష్ మీద గీతలతో పెట్టెలు కలిపే ప్రోగ్రాము రాశాడు. ఫిలిప్ మానూరీ రచన ‘ప్లుటన్’కు అది వాడారు. మాథ్యూస్ మీది గౌరవంతో పకెట్ దానికి మాక్స్ అని పేరు పెట్టాడు. 4ఎక్స్ పోయింది. దాని తరవాత నెక్స్ట్ కంప్యూటరులో ఇంటెల్ ఐ860 చిప్పులతో తెచ్చిన యంత్రమూ కొన్నేళ్లకే పోయింది. మాక్స్ ఇప్పటికీ నడుస్తోంది. 1996లో పకెట్ ప్యూర్ డేటా అనే ఉచిత రూపం తెచ్చి, మానూరీ రచనలను అందులోకి మార్చి మళ్లీ వాయించేలా చేశాడు. గొప్ప రచనలు మ్యూజియం వస్తువులు కాకూడదన్న ఆయన పట్టుదలకు మనం రుణపడి ఉన్నాం.

1990ల్లో మామూలు కంప్యూటర్లు అప్పటికప్పుడు శబ్దం పుట్టించే స్థితికి వచ్చాక వేగం అన్న మాటకే అర్థం మారింది. టేపు రోజుల్లో లెక్క పది నిమిషాలు ఆలస్యమైతే పది నిమిషాలు వేచి ఉంటే సరిపోయేది. ఇప్పుడు 64 సంఖ్యల గుత్తి 1.45 మిల్లీసెకన్లలో చేరకపోతే శబ్దం తెగుతుంది, హాల్లో అందరికీ టప్పుమని వినపడుతుంది. సగటున వేగంగా ఉండటం ఇక్కడ అక్కరకు రాదు. ఒక్కసారి కూడా ఆలస్యం కాకూడదు. ఆధునిక భాషల్లో వాడి వదిలేసిన మెమరీని తనంతట తానే ఏరుకునే పని ఉంటుంది, అది ఎప్పుడు వచ్చి ఎంతసేపు ఆపుతుందో చెప్పలేం. జేమ్స్ మెకార్ట్నీ 1996లో సూపర్‌కొలైడర్ రాసినప్పుడు ఈ ఏరివేతనే చిన్నచిన్న ముక్కలుగా చేసే పద్ధతి పెట్టాడు. మూడో రూపంలో ఇంకో అడుగు వేసి ప్రోగ్రామును రెండుగా చీల్చాడు. ఆలోచించే భాష ఒక చోట, శబ్దం కట్టే సర్వరు మరో చోట. రెంటి మధ్య సందేశాలు నడుస్తాయి. భాష తడబడినా శబ్దం ఆగదు. మాథ్యూస్ వాద్యాన్నీ స్వరపత్రాన్నీ విడదీసిన చోటే ఈ చీలిక కూడా వచ్చిందని గమనించాలి.

ఇంత చెప్పినా ఒక బలమైన అభ్యంతరం మిగులుతుంది. 704 సెకనుకు 40,000 ఆదేశాలు నడిపితే నేటి ఫోను వందల కోట్లు నడుపుతుంది. ఈ పెంపు ముందు భాషా నిర్మాణం తెచ్చిన పది రెట్లు, ఇరవై రెట్లు ఏపాటి? ఇంట్లో కూర్చుని అప్పటికప్పుడు శబ్దం వినగలగడం చిప్పుల పుణ్యమేనన్న మాట నిజం, కాదనను. అయితే చిప్పుల వేగమే అసలు కారణమైతే, శక్తి చాలినంత వచ్చిన రోజున పేదరికపు అలవాట్లన్నీ రాలిపోవాలి కదా. పట్టికలు, యూనిట్లు, గుత్తులు, రెండు వేగాల విభజన ఒక్కటీ రాలలేదు. పైగా గత ఇరవై ఏళ్లుగా ప్రాసెసర్ల బలం పెరిగింది ఒకే ఆదేశంతో పక్కపక్క సంఖ్యలను కలిపి లెక్కించడంలోనూ, దగ్గరి మెమరీని చక్కగా వాడటంలోనూ. గుత్తులుగా లెక్కవేసే ప్రోగ్రాముకే ఆ బలం దక్కుతుంది. శక్తితో పాటు ఆశలూ పెరిగాయి. తీగ, గొట్టం, చర్మం కదలికలను భౌతికశాస్త్రం ప్రకారం కట్టే పద్ధతులు, హాలు ప్రతిధ్వనిని పూర్తిగా లెక్కించే పద్ధతులు ఎంతటి యంత్రాన్నయినా మింగేస్తాయి.

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. యూనిట్లు, గుత్తులు సంగీతకారుడి చేతులు కట్టేశాయని కొందరంటారు. వారి దగ్గర మంచి సాక్ష్యం ఉంది. 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెగ్జాండర్ స్ట్రాంగ్ ప్రచురించిన పద్ధతిలో కొంత రొదను చిన్న ఆలస్యపు వలయంలో తిప్పుతూ పక్కపక్క విలువల సగటు తీస్తే మీటిన తీగ నాదం వస్తుంది. అంత తక్కువ లెక్కకు అంత సజీవమైన శబ్దం మరొకటి దొరకడం కష్టం. కాని విడి యూనిట్లతో ఆ వలయం కట్టబోతే, బయటికి వెళ్లిన విలువ తిరిగి లోపలికి రావడానికి ఒక గుత్తి కాలం పడుతుంది. గుత్తికి 64 సంఖ్యలయితే, సెకనుకు 44,100 లెక్కన 689 హెర్ట్జ్ దాటిన తీగ పలకదు. గుత్తిని ఒక్క సంఖ్యకు కుదిస్తే వేగం పోతుంది. లేదా సీ భాష తెలిసినవారెవరైనా కొత్త యూనిట్ రాసిపెట్టేదాకా ఆగాలి. ఇది నిజమైన లోపం. దానికి రెండు జవాబులు వచ్చాయి. ప్రిన్స్‌టన్‌లో గే వాంగ్, పెరీ కుక్ 2003లో తెచ్చిన చక్ భాష ప్రతి సంఖ్య దగ్గరా ఆగి ఆలోచించే స్వేచ్ఛ ఇచ్చి, అందుకు వేగాన్ని మూల్యంగా చెల్లించింది. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో గ్రామ్ సంస్థకు చెందిన యాన్ ఓర్లారే, డొమినిక్ ఫోబేర్, స్టెఫాన్ లెట్స్ 2002లో మొదలుపెట్టిన ఫౌస్ట్ దారి వేరు. అందులో సంగీతకారుడు పెట్టెలను ఐదు రకాల కలుపులతో అతుకుతాడు: వరసగా, పక్కపక్కన, చీల్చి, కలిపి, వెనక్కి తిప్పి. కంపైలరు ఆ మొత్తాన్ని గణిత సూత్రంగా అర్థం చేసుకుని, యూనిట్ల మధ్య గోడలు తీసేసి, ఒకే లూపుగా సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాము రాసిస్తుంది. వలయం ఒక్క సంఖ్య ఆలస్యంతోనే నడుస్తుంది, వేగమూ తగ్గదు. మాథ్యూస్ నిపుణులకు వదిలిన లోపలి లూపును ఇప్పుడు కంపైలరు చెక్కుతోంది. విభజన రద్దు కాలేదు. గీతకు అవతలి వైపు పనిచేసేవారు మారారు. ఈ తరంలో వచ్చిన భాషల్లో ఫౌస్ట్‌నే నేను అన్నిటికంటే ముందు నిలబెడతాను.

సిసౌండ్, ప్యూర్ డేటా, సూపర్‌కొలైడర్, చక్, ఫౌస్ట్, ఐదూ ఉచితంగా దొరుకుతాయి. ఏ మామూలు ల్యాప్‌టాప్ మీదైనా నడుస్తాయి. వాటితో వచ్చే ఉదాహరణల్లో మన సంగీతం మాత్రం చాలా తక్కువ. గమకాన్ని గీతగా రాయడం, మృదంగం మీది నల్లటి పూత అయిన కరణ నాదాన్ని కొద్ది లెక్కలో పట్టుకోవడం ఇంకా చేయవలసిన పనులు. వాటికి సంగీతం తెలిసిన చెవి, లెక్క తెలిసిన బుర్ర రెండూ కావాలి. తెలుగు ఇళ్లలో ఆ రెండూ నేర్చుకుంటున్న పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో ఒక్కరైనా ఈ వేసవిలో తోడి గాంధారంతో మొదలుపెట్టాలని కోరుతున్నాను.